తాత తిప్పిన పేజీ

తెగిన పోగును వెతికి మళ్ళీ ముడివేసే ఆ నారాయణుడికి, ఇంత వయసుదాకా నా నోట తన పేరు నిలిపినందుకు, ముందుగా వేయి నమస్కారాలు.

పన్నెండో తరగతి కామర్స్ చదువుతున్న మా మనవరాలు మొన్న వ్యాపారాల మీద ఒక ప్రాజెక్టును గోడాదరాలోని మా ఇంట్లో మంచం దిగకుండా ఫోన్లోనే పూర్తి చేసింది. ముక్కూమొహం తెలియని పిల్లకు దుకాణాలవాళ్ళు తమ సంగతులన్నీ ఎలా చెప్పారా అని నాకు అనుమానం వచ్చి అడిగాను. "క్యా అమ్మమ్మా! లింక్ పంపిన, సబ్‌నే భర్ దియా, బస్" అని నవ్వింది. అడిగినవన్నీ అందరూ ఫోన్లోనే నింపి పంపేశారట.

నేను అదే తరగతి చదివిన ఏడాది మేము లింబాయత్‌లో, మగ్గాల పనికి వలస వచ్చిన తెలుగువాళ్ళ గల్లీలో ఉండేవాళ్ళం. మనిషి కోరికలకు అంతులేదంటూ మొదలయ్యే అర్థశాస్త్రం మీద, కోరికలు తగ్గించుకొమ్మని బోధించే మా భజన మండలిలో పుట్టి పెరిగిన నాకు మొదటినుంచీ అనుమానమే. దగ్గర్లోని ఒక పరిశ్రమను చూసి రాయమని మా మాస్టారు చెప్పినప్పుడు, మా బాపు పనిచేసే మగ్గాల కార్ఖానా గురించే రాయబూనాను. పుస్తకం పట్టుకుని గల్లీలోకి వెళితే మా చిన్నమ్మే "సర్కారోళ్ళ మనిషి అచ్చింది, మూతులు మూసుకోండ్రి" అని ఎగతాళి చేసేది. చివరికి బాపు ఒక్కడే నోరు విప్పి, కాగితం మీద పది గంటలే ఉన్నా పని పన్నెండు గంటలని చెప్పాడు. అది మూడో పేజీలో తెలుగులో రాసుకున్నాను. మండలి అలవాటు కొద్దీ మొదటి పేజీ మీద దేవుడి పేరు రాశాను, పుస్తకం వెనకనుంచి కీర్తనలు ఎక్కించాను.

ఒక మధ్యాహ్నం బాపుకు సద్ది తీసుకెళ్ళినప్పుడు, సంచిలో ఉన్న ఆ పుస్తకం కార్ఖానా యజమాని శేట్ కంట పడింది. తనకు రాని లిపి చూసి, హడతాళ్, అంటే సమ్మె, చేయబోయేవాళ్ళ పేర్లు రాశారని అనుమానించాడు. నేను చదివి చెబుతానన్నా నమ్మలేదు. అదే నిజమైతే బాపును ఆ పూటే పనిలోంచి తీసేస్తానన్నాడు. అబద్ధమాడడని గల్లీ అంతటికీ, శేట్‌కూ తెలిసిన మా మండలిలో గ్రంథం చదివి వినిపించే భజన తాతను పిలిపించాడు. మేము చదివేటప్పుడు ఒక్క అక్షరం దాటినా మళ్ళీ మొదటినుంచి చదివించే మనిషి ఆయన.

తాత కళ్ళద్దాలు సవరించుకుని, మగ్గాల చప్పుడుకు గొంతు పెంచి, హిందీలో చెప్పుకుంటూ పోయాడు. దేవుడి పేరు చదివాడు, రెండో పేజీలో నూలు ఎక్కడినుంచి వస్తుందో చదివాడు. తర్వాతిది బాపు మాటలున్న పేజీ. తాత బొటనవేలు తడిచేసుకుని పేజీ తిప్పాడు. ఆ తర్వాత వినిపించింది నాలుగో పేజీలోని రంగుల సంగతి. చివరికి పుస్తకం తిరగేసి ఒక కీర్తన పాడాడు. శేట్ పుస్తకం నా ఒళ్ళోకి విసిరి, "జావ్, కామ్ పర్ లగో" అని బాపును మగ్గం దగ్గరికి పంపేశాడు.

సద్దిగిన్నె నూనె కారి ఆ పేజీలు అంటుకున్నాయేమోనని ఇంటికొచ్చి చూశాను. మరకైతే ఉంది గానీ, పేజీలు విడివిడిగానే ఉన్నాయి. వచ్చిన శనివారం భజనలో తాత, "కండ్లు ఆనుతలేవు బిడ్డా, నువ్వే చదువు" అని గ్రంథం నా ముందుకు జరిపి వెనక వరసలో కూర్చున్నాడు. మళ్ళీ ఆయన ముందుకు రాలేదు. నేనూ అడగలేదు. బతికున్నంతకాలం పేపరు మాత్రం రోజూ చదివేవాడు.

ఇప్పుడు అనుమానాలు పోయాయి, అందరూ అన్నీ నింపి పంపేస్తున్నారు. అవతల వాటిని చదివేవారిలో, ఏ పేజీ తిప్పేయాలో తెలిసిన మనిషి ఒక్కడైనా ఉన్నాడా అన్నదే నాకు మిగిలిన అనుమానం. ఆ తాత చేసింది పాపమైతే మన్నించమనీ, కాకపోతే అలాంటివారిని మా మనవరాలి కాలంలోనూ ఒకరిని ఉంచమనీ ఆ నారాయణుణ్ణి వేడుకుంటున్నాను. ఈ మాట చదివిన మీరు కూడా నాతోపాటు ఒక్కసారి చేతులు జోడించండి.