కోడిపెట్ట అడ్డం రాదు

సాగర్ కాలవలు ఇంకా మా గురజాల వైపు రాని రోజులు. నాకు ఏడేళ్లు. నాన్న మిషన్ బడిలో పంతులు. నాకు నత్తి. ‘ప’ దగ్గరా ‘మ’ దగ్గరా నోరు బిగుసుకుపోయేది. నేను ‘మ... మ...’ అంటుండగానే నాయనమ్మ “మంచినీళ్లా?” అని చెంబు అందించేది. నాకు కావలసింది మజ్జిగైనా నీళ్లే తాగేసేదాన్ని.

ఇంట్లో తలా ఒక మాట చెప్పేవాళ్లు. నాన్న “గాలి పీల్చుకుని నిదానంగా చెప్పు” అనేవాడు. మేనత్త “గబగబా అనెయ్యవే, ఆగబట్టే నత్తి” అనేది. నాయనమ్మ పొద్దున్నే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసేది. నిదానంగా చెప్పాలా, గబగబా చెప్పాలా? రెండూ చేయబోయి దగ్గు తెచ్చుకునేదాన్ని.

ఉన్నట్టుండి ఒకరోజు అందరూ మారిపోయారు. నేను ‘మ’ దగ్గర ఆగితే నాయనమ్మ చెంబు అందుకోలేదు, నా మొహంకేసి చూస్తూ కూర్చుంది. నాన్న సలహా చెప్పలేదు. నాకు భయమేసింది. ఏం తప్పు చేశాను? ఇక ఈ పిల్ల ఇంతేనని వదిలేశారా? రెండు రోజులు నోరే విప్పలేదు.

మూడోనాడు అమ్మ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తుంటే పక్కన చేరాను.

“మ... మ... మీకు నా మీద కోపమా?”

అమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని, నేను పూర్తిచేసేదాకా ఆగింది.

“కోపమెందుకే? నీ మాట మేమే లాగేసుకుంటన్నాం. నువ్వు చెప్పిందాకా ఆగమని అందరికీ నేనే చెప్పా.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవురూ చెప్పలా. మొన్నామధ్య నువ్వు కోడిపెట్టతో మాట్లాడతంటే విన్నా. ఒక్కసారి గూడా తడబడలా. అది నీ మాటకి అడ్డం రాదు గదా.”

నాకు సగమే అర్థమైంది. నన్ను కోడితో పోల్చిందో, ఇంట్లోవాళ్లను పోల్చిందో తెలియలేదు.

ఆ ఆదివారం మిషన్ గుడిలో పాస్టరు అయ్యగారు నన్ను బైబిలు వాక్యం చెప్పమన్నారు. మొదటి అక్షరమే ‘ప’. ఆగిపోయాను. ఆయన జాలిపడి మాట అందించబోయారు. ఆడవాళ్ల వరసలోంచి నాయనమ్మ గొంతు ఖంగుమంది.

“ఆగండయ్యగారూ! అదే చెప్పుద్ది.”

అయ్యగారు వెనక్కి తగ్గారు. చెమటలు కారుతుండగా, తడబడుతూనే, చివరిదాకా చెప్పాను.

ఇంటికి నడుస్తుంటే ఎవరూ మెచ్చుకోలేదు. నాన్న కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. అన్నిసార్లు తడబడ్డాను కదా, సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను. అలా కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నత్తి తగ్గింది గాని, పూర్తిగా పోలేదు.