మైనస్ పది

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని ప్రమాణం చేస్తున్నాను. చెప్పులు విడిచి, తూర్పుముఖంగా నిలబడి, కాలవ నీళ్లు దోసిట్లో పట్టుకుని మరీ చేస్తున్నాను. ఇదివరకు నేను చెప్పిన లంక మొసలి కథ, అది నన్ను కపిలేశ్వరపురం రేవుకి దారి అడగడం, ఆ సంగతి వేరు. ఇది వేరు.

తొంభైల చివర్లో నేను ఉత్తరాదిన ఒక ప్రయోగశాలలో ఇంజనీరుని. అణువుకంటే చిన్న రేణువుల్ని గుండ్రటి గొట్టంలో పరిగెత్తించే యంత్రాలుంటాయి. అవి గొట్టం గోడకి తగలకుండా వంచి తిప్పడానికి అయస్కాంతాలు కావాలి. ఆ అయస్కాంతాల్లో చుట్టిన తీగని ద్రవ హీలియంతో మైనస్ రెండువందల అరవై తొమ్మిది డిగ్రీలకి దించితే, కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. ఎందుకు పారుతుందో పుస్తకంలో చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ అర్థమయ్యేది. పుస్తకం మూయగానే పోయేది.

ఒక వేసవి సెలవుల్లో అమలాపురం దగ్గర మా అక్కావాళ్లింటికి వచ్చాను. బావగారికి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఉప్పలగుప్తం చెరువుల్లో రొయ్యలు చాలావరకు ఆయన ఐసులోనే లారీ ఎక్కేవి. కాలవ అవతల ఇంకో ఫ్యాక్టరీ ఉంది. దాని యజమానికీ ఈయనకీ ఏళ్లుగా మాటల్లేవు. ఎందుకు లేవో ఇద్దరికీ గుర్తులేదు.

నేను వెళ్లిన రోజే మా బావగారి ఫ్యాక్టరీ మొండికేసింది. కంప్రెసర్ తిరుగుతోంది, డబ్బాల్లో నీళ్లు మాత్రం నీళ్లుగానే ఉన్నాయి. మెకానిక్ రాజోలులో పెళ్లికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే ఒక రొయ్యల రైతు చెరువుకి తెల్లమచ్చ జబ్బు తగిలింది. మర్నాడు పొద్దున్నే రొయ్యలు పట్టేసి ఐసులో వెయ్యకపోతే పంటంతా పోతుంది. పంపుతానని బావగారు మాట ఇచ్చేశారు. ఆ మాట పోతే మళ్లీ ఆ చెరువుగట్ల మీద తలెత్తుకు తిరగలేరు.

నన్ను తీసుకెళ్లి యంత్రం ముందు నిలబెట్టారు.

"మైనస్ రెండొందల అరవై తొమ్మిది చేసేవోడివి. నాకు మైనస్ పది చాలు. మిగతాది నువ్వే ఉంచుకో."

చల్లబరచడం నా పని కాదని చెప్పాను. మా ప్రయోగశాలలో ఆ కంప్రెసర్లు వేరే భవనంలో ఉంటాయి, వాటిని చూసేవాళ్లు వేరు. అయస్కాంతం ఒక పెద్ద గొట్టంలో కాళ్ల మీద నిలబడుతుంది. బయటి వేడి ఆ కాళ్ల వెంట లోపలికి పాకకుండా చూడటం నా ఉద్యోగం.

బావగారు నన్ను ఎగాదిగా చూశారు. "అంటే ఇన్నేళ్లూ నువ్వక్కడ మంచంకోళ్లు చేస్తన్నావా?"

"ఆయ్" అన్నాను. నా ఉద్యోగం గురించి అంతకంటే దగ్గరగా ఎవరూ చెప్పలేదు.

లోపలికి అడుగు పెట్టగానే అమ్మోనియా ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. మా హీలియంకి వాసన లేదు. వాసనొచ్చే చల్లదనం నాకు కొత్త. ఏ గొట్టం ఎటు పోతుందో తెలియలేదు. ఈ వాల్వు తెరిచుందా అని ఆపరేటర్ని అడిగితే ఆయ్ అండీ అన్నాడు. మూసుందా అంటే దానికీ ఆయ్ అండీ అన్నాడు. నేను చూపించినవి రెండు వేర్వేరు వాల్వులని తర్వాత తెలిసింది.

ఇక నాకొచ్చిన ఒక్క పనే మొదలుపెట్టాను. వేడి ఎక్కణ్ణుంచి దూరుతోందో వెతకడం. ఐసు డబ్బాలు మునిగుండే ఉప్పునీళ్ల తొట్టి చుట్టూ అరచెయ్యి ఆనిస్తూ తిరిగాను. కాలవ వైపు గోడ చెమటలు కక్కుతోంది. తొట్టికీ గోడకీ మధ్య ఊక దట్టించి ఉంటుంది. వెనకటి తుఫానుకి నీళ్లు చేరి ఆ పక్క ఊకంతా తడిసి కిందికి దిగిపోయింది. తడి ఊకలోంచి వేడి దర్జాగా నడిచొస్తోంది. అక్కడ మేం వెండి రేకులు పూతరేకుల్లా పొరలు పొరలుగా చుట్టేది ఇందుకేనని బావగారికి వివరించబోయాను. ఆయన అప్పటికే లుంగీ ఎగ్గట్టి తడి ఊక తోడేస్తున్నారు. ఆలమూరు మిల్లు నుంచి పొడి ఊక తెప్పించారు. చీకటి పడేలోగా నింపేశాం.

తెల్లారేసరికి లారీ నిండా ఐసు దిమ్మలు, అద్దాల్లా. రొయ్యలు దక్కాయి. చెరువు గట్టు మీద బావగారు నన్ను రైతుకి చూపించారు.

"మా బావమరిదండీ, అయస్కాంతాల ఇంజనీరు. ఈ ఐసు ఈడే కట్టించేడు."

అయస్కాంతంతో ఐసు ఎలా కడుతుందండీ అని రైతు మర్యాదగా అడిగాడు. చాలాసేపు చెప్పాను. చివరికొచ్చేసరికి ఆయనకేమో గానీ నాకు పూర్తిగా అయోమయంగా ఉంది.

ఇప్పుడు ఆ దోసిట్లో నీళ్లు వదిలేస్తున్నాను. పైన రాసినదాంట్లో ఒకటి కల్పితం. తడి ఊక నిజం, మంచంకోళ్లు నిజం, రొయ్యలు దక్కడం నిజం. ఆ ఐసు మాత్రం మాది కాదు. పొద్దున్నే మా డబ్బా ఒకటి తీసి చూస్తే అంచుల వెంట అరచెయ్యి మందాన కట్టింది, నడిమధ్యంతా నీళ్లే. బావగారు దాన్ని చూసి చొక్కా వేసుకుని వంతెన దాటారు. అవతలి ఫ్యాక్టరీ గుమ్మంలో ఆయన చేతులు కట్టుకుని నిలబడటం ఇటునుంచి చూశాను. వాళ్లేం మాట్లాడుకున్నారో వినపడలేదు. మా లారీ అటు వెళ్లి నిండి వచ్చింది.

చెరువుకెళ్లే దారిలో నేను తల దించుకుని కూర్చుంటే ఆయనే అన్నారు: "నీ ఊక పని చేసిందిరా. ఇంకో పూట పట్టేది. చెరువు ఆగదు కదా."

కాబట్టి అది మొదట కల్పించింది నేను కాదు, ఆయన. గట్టు మీద అలా చెబుతారని నాకు ముందు తెలియదు. ఇన్నేళ్లుగా దాన్ని మోసుకు తిరుగుతున్నది మాత్రం నేనే.

మర్నాడు మెకానిక్ వచ్చి అమ్మోనియా గొట్టాల్లో పేరుకున్న ఆయిలేదో తీసేశానన్నాడు. ఐసు దివ్యంగా కట్టింది. ఊక వల్లో ఆయిలు వల్లో నాకిప్పటికీ తెలియదు. ఎవరడిగినా బావగారు ఊక అనే చెబుతారు. మెకానిక్ ఎదురుగా ఉంటే మాత్రం మాట మారుస్తారు.