పసుపు రాసిన వాల్వు

మిరప తోటకు డ్రిప్పులో ఎరువు వదలడానికి డోసింగ్ పంపు తెచ్చిన ఏడాది నా పొగరు ఇంతా అంతా కాదు. పక్క చేలవాళ్లు బకెట్లతో ఎరువు కలుపుకుంటుంటే నేను స్విచ్ వేసి దర్జాగా గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఎరువు డ్రమ్మును తీసుకెళ్లి మోటారు షెడ్డు పైన పెట్టాను. ఎత్తులో ఉంటే పంపుకు శ్రమ తగ్గుతుందని నా తెలివి.

తోట పూత మీద ఉండగా ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారూ పంపూ రెండూ ఆగాయి. అన్నం తిని వచ్చేసరికి డ్రమ్ము సగం ఖాళీ! కరెంటు రాగానే పైపుల్లో నిలిచిన ఆ చిక్కటి ఎరువంతా మొదటి నాలుగు సాళ్లకు పోయింది. మూడో రోజుకు ఆకులు మాడి, పూత రాలింది. మాకున్నది ఆ రెండెకరాలే. మిగతా సాళ్లూ ఇలాగే పోతే ఇంటిల్లిపాదీ ఆ ఏడు ఏం తినాలి? భయం వేసింది. నాకు భయం వేస్తే నోరు లేస్తుంది. పంపు అమ్మినవాణ్ణీ, కరెంటు వాళ్లనీ, చివరికి అన్నానికి పిలిచిన పాపానికి మా ఆవిడనీ తిట్టాను.

మా అన్న భార్య, మా వదిన, టౌనులో మంచినీళ్ల ప్లాంటులో పనిచేస్తుంది. నీళ్లలో క్లోరిన్ కలిపే పంపు ఆమే చూసుకుంటుంది. మా ఆవిడ ఫోన్ చేస్తే సెలవు పెట్టి వచ్చింది.

"డ్రమ్మేమో పైన, పైపేమో కింద. పంపు ఆగినా ఎరువు దానంతటదే జారిపోదూ? బ్యాక్ ప్రెషర్ వాల్వు పెట్టలేదేంటయ్యా మరిదీ?" అంటూ సంచిలోంచి పిడికిలంత వాల్వు ఒకటి తీసింది. "పంపు గట్టిగా తోస్తేనే ఇది తెరుచుకుంటుంది. లేకపోతే మూసుకునే ఉంటుంది."

"ఓస్, ఇంతేనా? నేను బిగిస్తాలే, నువ్వెళ్లి టీ తాగు వదినా" అన్నాను. ఆడమనిషి వచ్చి నా పంపు బాగుచేయడమేంటని లోపల ఉక్రోషం.

కొత్త సామాను ఏదైనా సరే, పసుపు రాసి బొట్టు పెట్టకుండా మా ఇంట్లో వాడం. వాల్వుకూ దట్టంగా పసుపు పట్టించి, బిగించి, దణ్ణం పెట్టుకుని స్విచ్ వేశాను. పంపు దడదడలాడింది గానీ చేలోకి ఎరువు చుక్క కూడా పోలేదు. వాల్వు మీదున్న మరను ఇంకాస్త బిగించాను. గొట్టం ఉబ్బి టప్పున ఊడింది. ఎరువు నీళ్లు నా మొహాన కొట్టాయి.

వదిన పరిగెత్తుకొచ్చి స్విచ్ ఆపింది. ముందు నా కళ్లు కడిగించింది. తర్వాత తడిగుడ్డతో వాల్వు తుడిచింది. పసుపు కింద బాణం గుర్తు, పంపు వైపు చూస్తూ!

"ఎరువు ఎటు పోవాలో ఆ బాణం చెబుతుంది. దాని నోరే మూసేశావు కదయ్యా" అంది. నవ్వలేదు, అదే నయం.

వాల్వు తిప్పి బిగించింది. మరను కొంచెం కొంచెంగా సర్దుతూ, నిమిషానికి ఎంత ఎరువు వస్తుందో కొలత గ్లాసులో పట్టి చూసింది. లెక్క కుదిరాక పంపు ఆపమంది. ఆపాను. గొట్టం చివర నుంచి ఒక్క చుక్క రాలితే ఒట్టు. నా ప్రాణం లేచొచ్చింది.

మాడిన సాళ్లు పోయాయి, మిగతా తోట నిలబడింది. మొదటి కోతకు వదిన కూడా వచ్చింది. కూలీలందరూ వింటుండగానే చెప్పాను.

"వదినా, ఆ రోజు నువ్వు రాకపోతే ఈ చేలో కోయడానికి కాయ ఉండేది కాదు. నీ మేలు మర్చిపోను."

ఆమె కాయ కోస్తూనే ఉంది. "పదేళ్ల నుంచీ టౌనంతా తాగే నీళ్లకు ఇదే పని చేస్తున్నానయ్యా. ఇంతవరకూ ఎవరూ ఒక్క మంచి మాట అనలేదు" అంది.

టౌనులో వాళ్లింటికి వెళ్లిన ప్రతిసారీ నేను తాగింది ఆ నీళ్లే.