ఒకే వంటింట్లో రెండు జబ్బులు

ఆదోనిలో మా నాయనది ధాన్యం వ్యాపారం. జొన్నలూ కొర్రలూ బస్తాలకు బస్తాలు అమ్మేవాడు కానీ, ఇంట్లోకి మాత్రం రానిచ్చేవాడు కాదు. మాకు మూడు పూటలా తెల్లన్నమే. రొట్టె అంటే హమాలీల తిండి అని ఆయన లెక్క. అలాంటి మనిషికి, నేను డిగ్రీ చదువుతుండగా, ఎనభైల మొదట్లో చక్కెర జబ్బు వచ్చింది. అన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూర తినమన్నాడు డాక్టరు. పొద్దున్నే నడవమన్నాడు.

నాయన ఇంటికొచ్చి కూలబడ్డాడు. "అంగట్లో బియ్యం మూటలు పెట్టుకోని నేను రొట్టె తినల్లా? సూసినోళ్లు ఏమనుకుంటారు?"

అమ్మ చిక్కు వేరు. ఆమెకు రొట్టె చేయడమే రాదు. వెనక వీధిలో పరుపులు కుట్టే ఆయన భార్యను మేం చాచీ అని పిలిచేవాళ్లం. నేర్పడానికి ఆమె వచ్చింది. ఆమె అరచేతి కింద గుండ్రంగా తిరుగుతూ పలచబడే పిండి, అమ్మ చేతికి రాగానే ముక్కలయ్యేది.

"ఉడుకునీళ్లు పోసి బాగా పిసకల్లక్కా. కోపమంతా పిండి మీద సూపించు" అంది చాచీ.

అమ్మకు కోపానికి కొదవ లేదు. రొట్టె తొందరగానే కుదిరింది.

నాయన దాన్ని మందు మింగినట్టు మింగేవాడు. నడక మాత్రం మహా ఇష్టంగా సాగించాడు. పొద్దు పొడవక ముందే బయల్దేరి, ఈల వేసుకుంటూ తిరిగొచ్చేవాడు. అయినా చక్కెర దిగలేదు. అమ్మకు అనుమానమొచ్చి నన్ను తోడు పంపింది. బజారు మలుపులో హోటలాయన మమ్మల్ని చూడగానే కేకేశాడు.

"రాన్నా, ఈ పొద్దు తడవైందే! నీ ఉగ్గాని, బజ్జీలు తీసిపెట్టినా. పాపకూ ఒక ప్లేటు పెట్టల్లా?"

నాయన ఆకాశం వైపు చూశాడు. నేను నా ప్లేటు తిన్నాను. ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను కూడా.

"నడిచేది బజ్జీలకా!" అంటూ అమ్మ లేచింది. లేచినదల్లా తూలి గోడ పట్టుకుంది. నాయన హడలిపోయి ఆమెనూ ఆ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాడు. డాక్టరు ఆమె కంటిరెప్ప కిందికి లాగి చూశాడు.

"రక్తం బాగా తక్కువుంది. ఏం తింటావమ్మా?"

"అందరూ తిన్నాంక మిగిలింది. కూర అయిపోతే మజ్జిగన్నం."

"మరి ఆయనకు చేసే రొట్టె, ఆకుకూర?"

"అది పత్యం గదా సార్. నాకేం జబ్బుంది?"

డాక్టరు ఆమెకు మాత్రలు రాసి, "తిండి మాత్రం ఇద్దరికీ ఒకటే. రొట్టె, పప్పు, ఆకుకూర. ఒక్కసారే కూర్చుని తినండి" అన్నాడు.

ధాన్యం వ్యాపారి భార్యకు సరైన తిండి లేదన్న మాట నాయనకు గట్టిగా తగిలింది. ఆ పూట నుంచి అమ్మ పక్కన కూర్చుంటే తప్ప ఆయన కంచం ముట్టలేదు.

"ఇంకొంచెం గోంగూర ఏసుకో."

"ముందు మీరు తినేది సూడండి. బజ్జీలాయన బాగుండాడా?"

కొన్నాళ్లకు అమ్మ ముఖానికి రంగొచ్చింది. నాయన చక్కెర పోలేదు కానీ అదుపులోకొచ్చింది. ఇక ఆయన కనపడినవాళ్లందరికీ రొట్టె గొప్పతనం బోధించడం మొదలుపెట్టాడు. ఆ ఏడు ఉరుకుంద జాతరకు పోయే బస్సులో సద్ది మూట విప్పి, పక్కన కూర్చున్న రైతుకు ఒక రొట్టె చేతిలో పెట్టాడు.

"తినన్నా, ఒంటికి శానా మంచిది."

ఆ రైతు రొట్టెనూ నాయననూ మార్చి మార్చి చూశాడు. "మేము దినామూ తినేది ఇదే గదప్పా! జాతరలోనన్నా ఇంత అన్నం దొరుకుతుందని పోతాండాను."

అమ్మ కిటికీ వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.