కటింగ్ బల్ల మీద బడి

ఆ వీధిలో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు, బట్టలు కత్తిరించే కటింగ్ మాస్టారు. మూడో తరగతి దాటని మనిషికి ఇంత గౌరవమేమిటని మొదట్లో ఆయనే ఇబ్బంది పడేవాడు, తర్వాత అలవాటైపోయింది. దుకాణమంటే ఇంటి ముందుగదే. మధ్యలో నడుమెత్తు బల్ల, కిటికీ పక్కన రెండు మిషన్లు, గోడ మేకులకు వేలాడే, న్యూస్‌పేపరులో కత్తిరించిన నమూనాలు. చుట్టుపక్కల బడికి వెళ్ళే పిల్లలందరి ఒంటి మీదా ఉండేది ఆయన కుట్టిన యూనిఫారమే. ఒక్క ఆయన కూతురికే యూనిఫారం లేదు. ఆ పిల్ల బడికి వెళ్ళదు మరి.

వెళ్ళలేదని కాదు, ఆరేళ్ళప్పుడు రెండు వారాలు వెళ్ళింది. రోజూ పొద్దున్నే ఏడుపు. ఒకరోజు అడిగిన దానికి జవాబు చెప్పలేదని టీచరు బెంచీ ఎక్కించింది. ఆ సాయంత్రం పిల్ల బిక్కమొహం వేసుకుని ఇంటికొచ్చేసరికి మాస్టారికి చేతిలో కత్తెర ఆడలేదు. "ఇంక వెళ్ళొద్దులే తల్లీ, నేను చెప్తా చదువు" అన్నాడు. భార్య ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి సంగతి విని, "నువ్వా, చదువు చెప్పేది?" అని నవ్వింది. ఆ నవ్వు ఆయనకు కాస్త గుచ్చుకుంది. మర్నాడే పలక కొనుక్కొచ్చాడు.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆయన నిజంగానే చెప్పాడు. తనకు రానివి ముందు భార్య దగ్గర నేర్చుకుని, అప్పుడు కూతురికి చెప్పేవాడు. తరగతి పుస్తకాలు వరసగా తెప్పించాడు. అక్షరాలు సుద్దముక్కతో నల్లగుడ్డ మీద, కూడికలు గుండీలతో, భిన్నాలు టేపుతో. చదవడం మాత్రం నమూనాల మీదే ఎక్కువ వచ్చింది. చొక్కాచెయ్యి ఆకారంలో కత్తిరించిన పేపరులో వార్త సగమే ఉంటుంది. దొంగను ఎక్కడ పట్టుకున్నారో ఉంటుంది, ఏం దొంగిలించాడో వేరే ముక్కలో కాలరు కిందికి పోయి ఉంటుంది. మిగతాది ఆ పిల్లే కల్పించి చెప్పేది. అసలు వార్త కన్నా అదే బావుండేదని మాస్టారి అభిప్రాయం. నాకూ అదే నమ్మకం. ఏ బడిలోనైనా ఒక పిల్ల చెప్పేది అంతసేపు, అంత ఓపిగ్గా వినే పంతులుంటాడా?

ఉండడు సరే. కానీ పక్కన మోచేత్తో పొడిచి నవ్వించే పిల్ల కూడా ఆ బల్ల దగ్గర లేదు. కొలతలివ్వడానికి తల్లులతో వచ్చే పిల్లలు ఐదు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ భుజాల వెడల్పు, నడుము చుట్టుకొలత ఈ పిల్లకు కంఠతా వచ్చు. వాళ్ళాడే ఆటలు మాత్రం ఒక్కటీ రావు.

పదో ఏడు నిండాక ఒకరోజు భోజనాల దగ్గర, "నాన్నా, నేను బడికి వెళ్తా" అంది.

మాస్టారు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "ఎందుకే? ఇక్కడేం తక్కువైంది?"

"తక్కువేం కాలేదు. వెళ్తానంతే."

"వెళ్ళనీవయ్యా" అంది భార్య. "ఎన్నాళ్ళని నీ కొంగుకు కట్టుకుని తిప్పుతావు?"

"నాకు కొంగెక్కడిదే?" అన్నాడు గానీ, ఆ మాటకు తనకే నవ్వు రాలేదు.

బడివాళ్ళు పరీక్ష పెడతామన్నారు. ఇరవై ఐదు లెక్కల్లో పదిహేను ఒప్పయితే తోటివాళ్ళతో ఐదో తరగతి, లేకపోతే మూడో తరగతి. పరీక్ష రోజున పిల్లను తల్లే తీసుకెళ్ళింది. మాస్టారు దుకాణంలో కూర్చుని ఒకే నిక్కరుకు మూడుసార్లు జేబు కుట్టి మూడుసార్లు విప్పాడు. పిల్లను చిన్నపిల్లల మధ్య కూర్చోబెడితే అది తన తప్పు. నాలుగేళ్ళు ఎవరి మాటా వినకుండా చేసిన తప్పు. ఆ ఆలోచన పురుగులా తొలిచేసింది.

మూడో రోజు హెడ్‌మిస్ట్రెస్ కబురుపెట్టింది. భార్యకు డ్యూటీ. తప్పించుకునే దారి లేక మాస్టారే కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఏటా యూనిఫారాల మూటలు గేటు దగ్గర వాచ్‌మన్‌కు అప్పజెప్పి వెనక్కి తిరిగే మనిషి, ఆ గేటు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదలు.

హెడ్‌మిస్ట్రెస్ కాగితం ఆయన ముందుకు తోసింది. "మిగతావన్నీ బావున్నాయి మాస్టారూ. లెక్కలే. పదమూడు ఒప్పు. పొడవుల లెక్క వస్తే చాలు, ప్రతిదీ తప్పే. ఇది చూడండి. నాలుగు మీటర్ల తాడులో ఎనభై సెంటీమీటర్ల ముక్కలు ఎన్ని వస్తాయని అడిగాం. అయిదు రావాలి. నాలుగే వస్తాయి, అరవై నాలుగు సెంటీమీటర్లు మిగులుతుంది అని రాసింది."

మాస్టారు వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు. మొహం కందిపోయింది. "తప్పు నాదండీ. ఇటు రెండు, అటు రెండు కుట్టుకు వదిలింది. ముక్క ఎనభై నాలుగు పడుతుంది కదా!"

"తాడుకు కుట్టేమిటండీ?"

"చివర్లు మడవకపోతే పీచు ఊడొస్తుంది మేడమ్" అంది పిల్ల, ఆమెకు ఆ మాత్రం తెలియనందుకు జాలిపడుతున్నట్టు.

హెడ్‌మిస్ట్రెస్ కాగితం మళ్ళీ దగ్గరికి లాక్కుంది. తోట చుట్టూ కంచె వంద మీటర్లు కావాలి, పిల్ల వంద మీటర్ల నాలుగు సెంటీమీటర్లు వేసింది. బల్లకు పరిచే గుడ్డకూ అంతే, గుమ్మానికి కట్టే రిబ్బనుకూ అంతే. చూస్తూ చూస్తూ ఆవిడ కళ్ళద్దాలు తీసి పగలబడి నవ్వింది. తర్వాత అవే లెక్కలు నోటితో అడిగింది, కుట్టుకు ఏమీ వదలొద్దని ముందే చెప్పి. పిల్ల ఠకఠకా చెప్పేసింది. ఒక్కటీ తప్పలేదు.

"ఐదో తరగతే" అంది ఆవిడ, ఫారం తీసుకుంటూ. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా అన్నీ చకచకా చెప్పాడు.

"ఇదివరకు బడి మాన్పించడానికి కారణం?"

"భయమండీ. బడంటే దీనికి చెడ్డ భయం."

"నాకు అప్పుడే పోయింది కదా నాన్నా" అంది పిల్ల.

మాస్టారు తలతిప్పి చూశాడు. "ఎప్పుడు?"

"మానేసిన కొన్నాళ్ళకే. మన దుకాణానికొచ్చే పిల్లలు కబుర్లు చెప్పేవాళ్ళుగా. వెళ్ళాలనిపించేది."

"మరి చెప్పలేదేమే?"

పిల్ల హెడ్‌మిస్ట్రెస్ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఒకసారి చెప్పాను. ఆ పూట నువ్వు అన్నం తినలేదు. బడి వీధిలోకి రాగానే నీ చెయ్యి చెమటలు పడుతుంది నాన్నా. పట్టుకుంటే తెలిసిపోతుంది."

ఆయన చెయ్యి అప్పుడూ తడిగానే ఉంది. మూడో తరగతిలో, అందరికీ తెల్లచొక్కాలుంటే తన తండ్రి పాతచొక్కాను కత్తిరించి కుట్టిన చారల చొక్కా వేసుకెళ్ళిన రోజు ఆయనకు గుర్తొచ్చింది. పంతులు కాలరు పట్టుకుని బడంతటికీ తిప్పి చూపించాడు. పిల్లలు విరగబడి నవ్వారు. మర్నాటి నుంచి వెళ్ళలేదు. ఆ సంగతి భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు. ఆరేళ్ళ పిల్ల మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆయన భయాన్ని పసిగట్టి, తండ్రి బాధపడతాడని నాలుగేళ్ళు తన కోరిక కడుపులో దాచుకుంది. ఇన్నాళ్ళూ కూతుర్ని తను కాపాడుతున్నాననుకున్నాడు. కాపాడింది ఆ పిల్ల. ఆయనకు కళ్ళలో నీళ్ళు ఆగలేదు, దాచుకోనూ లేదు.

హెడ్‌మిస్ట్రెస్ కలం పట్టుకుని ఆగిపోయింది. "ఆరోగ్యం బాగాలేక అని రాసేయనా మాస్టారూ? ఎవరూ అడగరు."

"వద్దండీ" అన్నాడాయన, మొహం తుడుచుకుని. "తండ్రికి భయం అని రాయండి."

ఆవిడ ఆయన వంక ఒక క్షణం చూసి, అలాగే రాసింది. సంతకం పెట్టి లేచాక పిల్ల అడిగింది.

"రేపు అమ్మ సెలవు పెడుతుందేమో అడుగుదామా నాన్నా? నన్ను దింపడానికి."

"ఎందుకూ, నేనే వస్తా" అన్నాడు. "తరగతి గుమ్మం దాకా వస్తా."