బాపు తెచ్చిన జంధ్యం

మావాళ్లు నేతపనికి వలసొచ్చిన లింబాయత్‌లో మా గల్లీ అంతా సాంచాలే. మరమగ్గాల్ని మేం అలాగే అంటాం. ఆ చప్పుడు మీద అరిచి అరిచి మా అమ్మకి మెల్లగా మాట్లాడటమే రాకుండా పోయింది. అందుకే నా సంగతి ఇంట్లో చెప్పిన కాసేపటికే మేడ మీది వాళ్లకీ తెలిసిపోయింది.

ఆడపిల్లగా పుట్టి పెరిగిన నేను, మగవాణ్ణని చెప్పాను. అమ్మ ఏడ్చింది, అలిగి అన్నం మానేసింది, ఆకలికి ఆగలేక తింది. తిన్నాక మనసు కొంచెం కుదుటపడింది.

“పోనీతియ్. మొగోనివైతే కోడలన్న వస్తది. మంచి పిల్లను జూస్తా.”

నవ్వు ఆపుకోలేకపోయాను. “నాకు నచ్చేది మొగోళ్లే అమ్మా.”

పెనం మీద రొట్టె మాడిపోయింది. “ఏంది గిది! మొగోళ్లే నచ్చితే ఆడిపిల్ల లెక్కనే ఉంటే అయిపోతుండె గద! గింత లొల్లి ఎందుకు?”

“బాపును చేసుకున్నంకనే నువ్వు ఆడదానివైనవా? అంతకుముందు గూడ ఆడదానివే గద. నేనెవరన్నది వేరే, ఎవరు నచ్చుతరన్నది వేరే. పుట్టిన్నాడు ఒళ్లు జూసి మీరనుకున్నది ఇంకోటి.”

అమ్మ మాడిన రొట్టె తీసి పక్కన పడేసింది. “మీ బాపును చేసుకున్నంక నేను పనిమనిషినైన, అదొక్కటే ఎరుక” అంది. ఆమె మీద నాకెంత ముద్దొచ్చిందో చెప్పలేను.

బాపు మాత్రం నోరు విప్పలేదు. పాత పేరుతో పిలవడు, కొత్త పేరుతోనూ పిలవడు. తిట్టినా బాగుండేది. నన్ను కొడుకని ఆయన అనుకుంటే చాలు, ఇంకెవరు ఏమనుకున్నా నాకు పట్టదు. అది ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇంతలో జంధ్యాల పున్నమి వచ్చింది. మా పద్మశాలీల ఇళ్లలో ఆ పొద్దున మగవాళ్లు పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటారు. మా ఇంట్లో వేసుకునేది బాపు ఒక్కడే. చిన్నప్పటి నుంచీ పసుపు తడిపి పళ్లెంలో పెట్టడం నా పని. ఆ రోజూ పెట్టాను.

బాపు స్నానం చేసి వచ్చి, గుడి నుంచి తెచ్చిన పొట్లం విప్పాడు. అందులో రెండు జంధ్యాలున్నాయి.

“రెండెందుకయ్యా?” అంది అమ్మ.

బాపు పసుపు పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. రెండింటికీ పసుపు రాశాడు. ఒకటి తను వేసుకున్నాడు. రెండోది పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. జంధ్యం వేసుకోవాలంటే చొక్కా విప్పాలి. నా చేతులు గుండీల దగ్గరే ఆగిపోయాయి.

“అంగీ ఇప్పకు బిడ్డా. మీదికెల్లి ఏసుకో, ఏంగాదు” అన్నాడు బాపు. తనే నా ఎడమ భుజం మీదుగా వేసి, పోగులు సరిచేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఎప్పటి గొంతుతోనే అంది: “మరి రేపు వీని మొగడొస్తే? అల్లుడంటరో ఏమంటరో, ఆయనకు గూడ ఒకటి తేవాలె గద!”

మేడ మీద ఎవరో కిటికీ తెరిచారు.

“ముందు దొరకనియ్యే” అన్నాడు బాపు. “మూడు తెస్త.”