గోడకు ఇవతల

"పెట్టెయ్ మామయ్యా, ఫైనల్‌కి టైమవుతోంది. రెండో బ్యాటరీ కూడా కావాలి."

"వేడి తగ్గనీరా. ఇప్పుడు ఛార్జింగ్ పెడితే అవతలి రోబో అక్కర్లేదు, ఇదే మనల్ని తగలబెడుతుంది."

"నీదంతా చాదస్తం."

రోబోల కొట్లాట పోటీల్లో మేనల్లుడి జట్టుకు బ్యాటరీలు చూసేది ఈయనే. ఒక్కోదాన్నీ చెంపకు ఆనించి వేడి చూస్తాడు, బొటనవేలితో నొక్కి ఉబ్బిందేమో చూస్తాడు, ఆ తరువాతే తీగ కలుపుతాడు. లిథియం బ్యాటరీ ఛార్జింగులో ఉన్నంతసేపూ పక్కన మనిషి ఉండాల్సిందే. అందుకని ఇసుక బకెట్ దగ్గర పెట్టుకుని కూర్చుంటాడు. కొట్లాట గోడకు అవతల. ఇనుము ఇనుమును కొట్టిన చప్పుడు వినగానే మెడ చాస్తాడు. జనం అరిస్తే, గెలిచింది మనమో వాళ్ళో తెలియక తలుపు వైపే చూస్తాడు. ఇన్నేళ్ళలో తమ రోబో కొట్లాడగా ఒక్కసారీ చూడలేదు. వీడియో చూపిస్తామంటే, "ఎవరు గెలిచారో తెలిశాక ఇంకేం చూస్తాంరా" అంటాడు.

మేనల్లుడు అప్పటికే నిండిన మొదటి బ్యాటరీ పట్టుకుని ఫైనల్‌కి పరుగెత్తాడు. చల్లారిన రెండోదాన్ని ఈయన ఛార్జింగుకు పెట్టి లేచాడు, తలుపు దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కొచ్చి కూర్చున్నాడు. పక్క జట్టు నుంచి స్క్రూడ్రైవర్ అడగడానికి వెళ్ళిన నన్ను అప్పుడే చూశాడు.

"బాబూ, ఈ ఒక్క ఆట అయ్యేదాకా ఈ కుర్చీలో కూర్చుంటావా? దీని మీంచి చూపు తిప్పకు, చాలు."